హుస్సేన్ సాగర్ ట్రాక్ నా గీతలో 2.97 కిలోమీటర్లు వస్తోంది, ఎందుకు? అలాంటిది మన విశాఖ బీచ్ రోడ్డు మీద కుదురుతుందా?

చినవాల్తేరు కుర్రాడు:

మా కాలేజీ ఫెస్టుకి రెండు రేసింగ్ ట్రాకుల నమూనాలు పక్కపక్కన పెడుతున్నాం. ఒకటి 2023లో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు (కరెంటు రేసు కార్లు) తిరిగిన వీధి ట్రాక్. రెండోది మనం ఊహించి వేసేది. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ జంక్షన్ వరకు బీచ్ రోడ్డు మీదే వెళ్లి, అక్కడ తిరిగి, డివైడర్‌కి అవతలి వైపు నుంచి వెనక్కి రావాలి.

మొదటిదానిలోనే చిక్కొచ్చింది. ఉపగ్రహ చిత్రం మీద క్యూజీఐఎస్‌లో (పటాలు గీసే సాఫ్ట్‌వేర్) రోడ్డు మధ్య గీత గీసి పొడవు తీస్తే 2.97 కిలోమీటర్లు వస్తోంది. అధికారిక పొడవు 2.83 అంటున్నారు. మూడుసార్లు మళ్లీ గీశాను, అదే అంకె. గీతలో తప్పా, ట్రాకే వేరేగా వెళ్లిందా?

రెండో ప్రశ్న. బీచ్ రోడ్డు తిన్నగా, వెడల్పుగా ఉంది కదా, పొద్దున పూట ఎలాగూ వాహనాలు ఆపేస్తారు. నిజంగా రేసు పెట్టాలంటే అడ్డేమిటి? నమూనా పక్కన పెట్టే బోర్డు మీద రాయడానికి అంకెలు కావాలి. ఆ ట్రాక్ చరిత్ర రెండు ముక్కల్లో చెప్పినా మేలు.

కొలతల మేస్త్రి:

గీత సరిగానే ఉంది తమ్ముడూ. పొరపాటు పటంలో ఉంది. వెనక వేసుకున్న ఉపగ్రహ చిత్రం వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌లో, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే ఒక పద్ధతిలో ఉంటుంది. ఆ ప్రొజెక్షన్ భూమధ్యరేఖ దగ్గర తప్ప ఎక్కడైనా దూరాల్ని సాగదీస్తుంది. ఎంత సాగుతుందంటే, అక్షాంశం కొసైన్‌తో ఒకటిని భాగిస్తే వచ్చినంత. హుస్సేన్ సాగర్ దగ్గర అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. కొసైన్ 0.954, అంటే 1.048 రెట్లు. 2,835 మీటర్లని 1.048తో గుణించి చూడు, 2,971 వస్తుంది. నీ 2.97 అదే.

కొత్త లేయర్ తీసేటప్పుడే ప్రొజెక్షన్ కోడ్ 32644 ఎంచుకో. అది భూమిని మండలాలుగా విడదీసి పరిచే యూటీఎం పద్ధతిలో 44వ ఉత్తర మండలం. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు వర్తిస్తుంది కాబట్టి హైదరాబాద్, విశాఖ రెండూ అందులోనే పడతాయి. ఇప్పటికే గీసిన గీతని పారేయక్కర్లేదు, రీప్రొజెక్ట్ చేసి (కొత్త ప్రొజెక్షన్‌లోకి మార్చి) సేవ్ చేసుకో. ఒక్క జాగ్రత్త. లేయర్ లక్షణాల్లో కోడ్ మాత్రం మార్చేసి ఊరుకుంటే అంకెలు మారవు, గీత పోయి ఇంకెక్కడో పడుతుంది. ఎగుమతి చేసేటప్పుడే కొత్త కోడ్ ఇవ్వాలి. యూటీఎంలోనూ కాస్త సాగుడు ఉంది గానీ ఇంత పొడవుకి రెండు మీటర్లు కూడా తేడా రాదు.

ఇదే పొరపాటు విశాఖ గీతలోనూ జరుగుతుంది. ఇక్కడ సాగుడు ఇంకాస్త ఎక్కువ, 1.05 రెట్లు. అందుకని బోర్డు మీద అంకె రాసే ముందు రెండు గీతలూ సరిచేసుకో.

నమూనాకి 1:500 బాగుంటుంది. పది మీటర్ల రోడ్డు రెండు సెంటీమీటర్లవుతుంది, ఐదు మీటర్ల కారు ఒక సెంటీమీటరు, ట్రాక్ పక్కన అడ్డుగా పెట్టే మీటరు ఎత్తు సిమెంటు దిమ్మ రెండు మిల్లీమీటర్లు. ఒక చుట్టు మొత్తం 5.67 మీటర్లు. ట్రాక్ అతి పొడవైన మేర ఎంతో ముందు కొలుచుకుని ఎనిమిది బై నాలుగు అడుగుల ప్లైవుడ్ షీట్లు ఎన్ని కావాలో చూసుకోండి. షీట్ల అతుకు మలుపు మీద పడకుండా కోత వేయాలి. మలుపులో అతుకు పడితే ఎంత పుట్టీ పెట్టినా కనబడుతుంది.

నాలుగో గేరు:

చరిత్ర భాగం నేను రాస్తాను.

హైదరాబాద్ రేసు 2023 ఫిబ్రవరి 11న జరిగింది. 2013లో బుద్ధ్ సర్క్యూట్‌లో ఆఖరి ఫార్ములా వన్ ఇండియన్ గ్రాండ్ ప్రీ తర్వాత మన దేశానికి ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయి కార్ల రేసు రావడం అదే మొదలు. ట్రాక్ 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, లుంబినీ పార్క్, మింట్ కాంపౌండ్, ఐమ్యాక్స్, ఎన్టీఆర్ గార్డెన్స్, వీటి మధ్య రోడ్లని కలిపి చుట్టు చేశారు. 2022 చివర్లో ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు కూడా ఈ సాగర తీరానే తిరిగాయి.

పోల్ (అందరికన్నా ముందు నిలబడే చోటు) మిచ్ ఎవాన్స్‌ది, గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. ఎవాన్స్ రేసు పాడైంది మూడో మలుపులో, అదొక హెయిర్‌పిన్, అంటే దాదాపు వెనక్కి తిరిగే ఇరుకు మలుపు. సొంత జాగ్వార్ జట్టు సహచరుడు శామ్ బర్డ్ కారు వచ్చి గుద్దింది. నమూనాలో ఆ మలుపుని వివరంగా చేయండి. వీధి ట్రాకులో దాటడానికి వీలున్న చోటే గుద్దుకోవడానికీ వీలుంటుందని ఆ ఒక్క మలుపు చూపిస్తుంది. 2024 ఫిబ్రవరి 10న రెండో రేసు జరగాల్సింది, ఆ జనవరిలోనే రద్దయింది.

దక్షిణాదిలో ఈ ఆట మొదట పెరిగింది వీధుల్లో కాదు. మద్రాసు పక్కన షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు రేసులు జరిగాయి. రన్‌వే వెడల్పుగా, చదునుగా ఉంటుంది. చుట్టూ ఇళ్లుండవు, అడ్డం వచ్చే కరెంటు స్తంభం ఉండదు. ఆ తర్వాత మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. 1990లో మొదలైన ఆ ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఫార్ములా మారుతి కార్లని రూపొందించి, 1995లో విమాన ప్రమాదంలో పోయిన కరివర్ధన్ పేరు దానికి పెట్టారు. 2024లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్లు, 19 మలుపుల వీధి ట్రాక్ మీద దీపాల వెలుగులో రాత్రి రేసు పెట్టారు. నిజానికి అది 2023 డిసెంబరులోనే జరగాల్సింది, మిచాంగ్ తుఫాను వల్ల వాయిదా పడింది.

మీ బీచ్ రోడ్డు ఆలోచనకి అసలు అడ్డు ఆకారం. అది గీతే గానీ చుట్టు కాదు. డివైడర్‌కి ఇటు వెళ్లి అటు రావడమంటే రెండు పొడవాటి స్ట్రెయిట్లు, చివర్లలో రెండు హెయిర్‌పిన్లు. ఈ ఆలోచన పాతదే. బెర్లిన్‌లో 1921లో మొదలైన ఆవుస్ ట్రాక్ అచ్చం ఇదే ఆకారం. రెండు వైపుల రోడ్డూ, రెండు కొసల్లో మలుపులూ కలిపి మొదట్లో 19 కిలోమీటర్ల పైమాట. 1937లో ఉత్తరపు మలుపుని ఇటుకలతో 43 డిగ్రీల వాలుగా కట్టారు. బయటి అంచున అడ్డుగోడ లేదు. ఫ్రెంచ్ రేసర్ జాన్ బెహ్రా 1959లో ఆ వాలు మీదే కారు అదుపు తప్పి చనిపోయాడు.

తారు రోడ్డు:

ఆకారం మాట నాలుగో గేరు గారు చెప్పారు, నేను కొసల దగ్గర లెక్క వేస్తాను. హెయిర్‌పిన్ పట్టాలంటే రోడ్డు ఎంత ఉండాలి?

మన దగ్గర ఒక వరుస 3.5 మీటర్లు. ఒక్కో వైపు రెండు వరుసలు అనుకుంటే 7 మీటర్లు. దిమ్మ అడుగు భాగం 60 సెంటీమీటర్లు, రెండు వైపులా తీసేస్తే కార్లకి మిగిలేది 5.8. ఫార్ములా ఈ మూడో తరం కారు వెడల్పు 1.7 మీటర్లు. రెండు కార్లు పక్కపక్కన పోతాయి, మూడోదానికి చోటు లేదు. ఇక తిరిగే చోట రెండు వైపులూ డివైడర్‌తో కలిపి 15 మీటర్లు ఉంటే కారు నడిచే గీత వ్యాసార్ధం ఆరు మీటర్లకు మించి రాదు. టైరు రబ్బరు పట్టు గుణకం (ఘర్షణ గుణకం) 1.3 అనుకుంటే ఆ మలుపులో వేగం గంటకి 31 కిలోమీటర్లు. స్కూటర్ కూడా అంతే వేగంతో తిరుగుతుంది. వ్యాసార్ధాన్ని 12 మీటర్లు చేయగలిగితే 45 వస్తుంది. దానికి జంక్షన్‌లోకో పార్కింగ్ జాగాలోకో జరగాలి. పార్క్ హోటల్ జంక్షన్ కొసన అలా జరగడానికి చోటు దొరకొచ్చు. కోస్టల్ బ్యాటరీ కొసన టేపు పట్టి కొలిచాకే గీయండి.

200 వేగంతో వచ్చి 45కి తగ్గాలంటే అదే పట్టుతో సుమారు 115 మీటర్ల బ్రేకింగ్ దూరం కావాలి. ఆ కార్లకి వెనక చక్రాల దగ్గర మామూలు బ్రేకులు లేవు, మోటార్లే ఆపుతాయి, ఆపుతూ 600 కిలోవాట్ల వరకు కరెంటు తిరిగి బ్యాటరీలోకి పంపుతాయి. డ్రైవర్‌తో కలిపి 860 కిలోల కారు అనుకుంటే ఒక్క బ్రేకింగ్‌లో దిగే శక్తి మూడోవంతు యూనిట్. రెండు హెయిర్‌పిన్లున్న ట్రాక్ వాటికి ఇష్టమే, కానీ బ్రేకింగ్ చోట తారు గతుకు లేకుండా ఉండాలి. చక్రం ఒక్క క్షణం గాల్లోకి లేచినా లాక్ అవుతుంది.

ఇప్పుడు సామాను. హైదరాబాద్ ట్రాకంత, 2.8 కిలోమీటర్ల చుట్టు అనుకుంటే, రెండు పక్కలా దిమ్మలంటే 5.6 కిలోమీటర్లు. దిమ్మ నాలుగు మీటర్ల పొడవైతే 1,400 కావాలి. మీటరు ఎత్తు, సగటు మందం 45 సెంటీమీటర్లు తీసుకుంటే ఒక్కోటి 4.3 టన్నులు, అన్నీ కలిసి ఆరు వేల టన్నులు. 25 టన్నుల ట్రైలర్ మీద ఐదే ఎక్కుతాయి. 280 ట్రిప్పులు తెచ్చి దింపాలి, రేసు అయ్యాక 280 ట్రిప్పులు ఎత్తాలి, అది కూడా రాత్రి పూటే. దిమ్మ మీద ఇనుప జాలి కంచె, నేల నుంచి మొత్తం మూడున్నర మీటర్లు. జాలిని దిమ్మకి బోల్టు చేసి, పక్క దిమ్మతో ఉక్కు తాడుతో కట్టాలి. విడివిడిగా నిలబెడితే గుద్దిన దిమ్మ ఒక్కటే జనం వైపు జరిగిపోతుంది.

మీ ఆకారంలో మధ్య డివైడర్ మీద ఒక్క వరుస దిమ్మలతో సరిపెడదామని అనిపిస్తుంది, 350 దిమ్మలు మిగులుతాయి కదా అని. అలా చేయకండి. అటూ ఇటూ కార్లు ఎదురెదురుగా 200తో పోతుంటే కలిసిన వేగం 400. ఇటు విరిగిన ముక్క అటు పడితే అది తుపాకీ గుండే. రెండు వరుసలు, మధ్యలో ఖాళీ, రెంటి మీదా జాలి ఉండాల్సిందే.

పైపొర తారు కూడా మార్చాలి. 2.8 కిలోమీటర్లు, పది మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం అంటే 1,120 ఘనపు మీటర్లు, అంటే సుమారు 2,700 టన్నుల హాట్ మిక్స్. పాత పొరని అంతే లోతు మిల్లింగ్ యంత్రంతో చెక్కేసి వేయాలి. పాతదాని మీదే పోసేస్తే రోడ్డు ఎత్తు పెరిగి కాలువ అంచులు గుంటలవుతాయి. జీబ్రా గీతల ప్లాస్టిక్ రంగు కూడా ఆ చెక్కుడులోనే పోవాలి. దాని మీద చక్రానికి పట్టు ఉండదు, తడిస్తే మరీనూ. వీజీ 30 రకం తారైతే మిక్స్ 140 డిగ్రీలకి తగ్గకముందే పరవాలి, 90కి దిగకముందే రోలింగ్ అయిపోవాలి. బీచ్ గాలికి పలచటి పొర త్వరగా చల్లారుతుంది, కాబట్టి రోలర్, తారు పరిచే పేవర్ యంత్రం వెనకే ఉండాలి. చల్లారాక తొక్కించిన పొర పైకి బాగానే కనబడుతుంది. రేసు కార్లు మలుపులో మెలితిప్పేసరికి కంకర లేచిపోతుంది. వేసిన వెంటనే రేసు పెట్టకూడదు, పైన తేలిన నూనె పోయి గట్టిపడటానికి కనీసం రెండు నెలలు ఇవ్వాలి.

వెడల్పు 12 మీటర్లు ఉండాలని నిబంధన కదా, బీచ్ రోడ్డు అక్కడే ఆగిపోతుంది.

నాలుగో గేరు:

చిన్న సవరణ అండీ. 12 మీటర్లన్నది కొత్తగా కట్టే శాశ్వత ట్రాకులకి. వీధి ట్రాకుల్లో ఇరుకు చోట్లని ఒక్కొక్కటి చూసి, వేగాన్ని బట్టి ఒప్పుకుంటారు. అందుకే ఇరుకు దగ్గర వేగం తగ్గించే మలుపు ముందే పెడతారు. స్టార్ట్ లైన్ నుంచి మొదటి మలుపుకి 250 మీటర్లు ఉండాలన్నది ఇంకా ముఖ్యం. 45 డిగ్రీలకి తక్కువ కాకుండా తిరిగి, వ్యాసార్ధం 300 మీటర్ల లోపు ఉంటేనే దాన్ని మలుపుగా లెక్కిస్తారు. బీచ్ రోడ్డు మెల్లగా వంగే వంపులు ఆ లెక్కలోకి రావు. లైను వెనక గ్రిడ్‌కి (కార్లు మొదట నిలబడే చోటు) కారుకి 8 మీటర్ల చొప్పున 22 కార్లకి 176 మీటర్లు. రెండూ కలిపి 430 మీటర్ల సాఫీ రోడ్డు. ఇది బీచ్ రోడ్డుకి సులువు.

మ్యాన్‌హోల్ మూతల మాట ఎవరూ ఎత్తలేదు. ఫార్ములా వన్‌లో 2019లో బాకూలో జార్జ్ రస్సెల్ విలియమ్స్ కారుని, 2023లో లాస్ వేగస్‌లో కార్లోస్ సైంజ్ ఫెరారీని ఇలాంటి మూతలే అడుగు నుంచి చీల్చాయి. కారు నేలకి ఆనుకుని పోతుంటే దాని కింద గాలి ఒత్తిడి పడిపోయి మూతని పైకి లాగుతుంది. 60 సెంటీమీటర్ల మూత వైశాల్యం 0.28 చదరపు మీటర్లు. ఒత్తిడి మూడు కిలోపాస్కల్స్ తగ్గితే చాలు, 85 కిలోల బరువు ఎత్తేంత బలం. కాబట్టి మూత బరువుని నమ్ముకోకూడదు. చుట్టూ వెల్డింగ్ చేయాలి, చట్రం కూడా కాంక్రీటులో గట్టిగా కూర్చుందో లేదో చూడాలి. మూతకి వెల్డింగ్ చేసి చట్రాన్ని వదిలేస్తే రెండూ కలిసి లేస్తాయి.

లాసన్స్ బే:

ఏటంటే, ఇసుక సంగతి కూడా రాయండి. మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి వీస్తే ఒడ్డు వైపు వరుస మీద సన్నటి ఇసుక పరుచుకుంటుంది. కార్లు నడిచే గీత తొందరగా శుభ్రమవుతుంది గానీ పక్కకి తప్పుకున్న కారుకి పట్టు ఉండదు, అంటే దాటడం కష్టం. నెదర్లాండ్స్‌లో ఇసుక దిబ్బల మధ్య 1948లో కట్టిన జాండ్‌వోర్ట్ ట్రాకుకీ ఈ బాధ ఉంది. చీపురు బండి ఒక్కటే చాలదు, అది సన్నటి ఇసుకని పక్కకి నెడుతుంది, గాలి మళ్లీ తెస్తుంది. వాక్యూమ్‌తో పీల్చే బండి కావాలి, ప్రతి సెషన్ ముందూ తిప్పాలి. ఉప్పు గాలికి బోల్టులు తుప్పుపడతాయి కాబట్టి జాలి, బోల్టులు జింకు పూత ఉన్నవే తీసుకోవాలి.

తేదీ ఫిబ్రవరి పెట్టండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ రోడ్డుని ఏం చేసిందో ఇక్కడ అందరికీ తెలుసు. డిసెంబర్ 4 నేవీ డే, దాని విన్యాసాలు ఇక్కడ పెట్టిన ఏడు రిహార్సల్స్‌కి ఈ తీరమే కావాలి. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ముందు దిమ్మలు పెడితే సందర్శకులకి వేరే దారి చూపాలి. అన్నిటికన్నా ముందు జాలరిపేట వాళ్లని అడగాలి. వలలు, చేపల బుట్టలు రోడ్డు దాటకుండా ఒడ్డు నుంచి ఊళ్లోకి రావు. దిమ్మలు పెట్టిన రోజు నుంచి తీసేదాకా వారాల తరబడి వాళ్ల దారి మూసుకుపోతుంది. దిమ్మల వరుసలో తెరిచి మూసే గేట్లు ఎక్కడెక్కడో నమూనాలోనే చూపించండి. అంబులెన్సుకీ అవే గేట్లు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గరే, ఈ ట్రాకుకి ఉన్న పెద్ద బలం అది.

చినవాల్తేరు కుర్రాడు:

మేస్త్రి గారూ, 32644లోకి మార్చాను, 2.84 వచ్చింది. చాలా థాంక్స్. అందరూ చెప్పినవి చూశాక ముందుకీ వెనక్కీ పోయే ఆకారం వదిలేద్దామనుకుంటున్నాం. బీచ్ రోడ్డు మీద పోయి, పార్క్ హోటల్ జంక్షన్ దగ్గర చినవాల్తేరు వైపు ఎక్కి, పాండురంగాపురం డౌన్ మీదుగా మళ్లీ ఒడ్డుకి దిగితే చుట్టు అవుతుంది కదా?

తారు రోడ్డు:

అవుతుంది, దీనిలోనే ఆట ఉంది. ఎదురెదురు కార్ల ప్రమాదం పోతుంది, ఎక్కడం దిగడం వస్తాయి. దిశ మాత్రం ఇప్పుడే తేల్చుకోండి. మీరు చెప్పిన దిశలో దిగుడు తర్వాత బీచ్ రోడ్డులోకి తిరగాలి. వాలులో బ్రేక్ వేస్తే దూరం పెరుగుతుంది. నూటికి ఆరు వాలు ఉంటే 1.3 పట్టు 1.24కి పడిపోయినట్టే, 115 మీటర్లు 120 దాటుతాయి. పైగా తప్పిన కారు ఎదురుగా పోయేది సముద్రం గోడ మీదికే. అక్కడ రన్‌ఆఫ్ జాగా (తప్పిన కారు ఆగడానికి ఖాళీ) లేదు కాబట్టి దిమ్మ ముందు టైర్ల వరుసలు బోల్టులతో కట్టి, పైన కన్వేయర్ బెల్టు చుట్టాలి. దిశ తిప్పేస్తే అదే వాలు ఎక్కుడవుతుంది, బరువు బ్రేకింగ్ అంతా చదునైన బీచ్ రోడ్డు కొసనే పడుతుంది. నేనైతే తిప్పేస్తాను. అప్పుడు చినవాల్తేరు నుంచి జంక్షన్‌కి దిగేటప్పుడు కూడా ఇదే లెక్క చూడాలి, కాకపోతే జంక్షన్‌లో జరగడానికి కాస్త చోటుంది.

కొలతల మేస్త్రి:

వాలు కొలవడానికి ఫోన్ జీపీఎస్ ఎత్తుని నమ్మకు, పది మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. మీ సివిల్ ల్యాబులో ఆటో లెవల్ (ఎత్తుల తేడా చూసే పరికరం), స్టాఫ్ (నిలువు కొలబద్ద) తీసుకుని పొద్దున వాహనాలు లేని వేళ 20 మీటర్లకో రీడింగ్ తీయండి. వెనక చూపు, ముందు చూపు దూరాలు సమానంగా పెట్టుకోండి, లేకపోతే పరికరం తప్పు మొత్తం వాలులోకి ఎక్కుతుంది. మొదలుపెట్టిన చోటికే వచ్చి ముగించండి. రెండు కిలోమీటర్ల చుట్టుకి ముగింపు తేడా రెండు సెంటీమీటర్లు దాటితే మళ్లీ తీయాల్సిందే. 1:500లో పది మీటర్ల ఎత్తు రెండు సెంటీమీటర్లే కాబట్టి నమూనాలో వాలు కంటికి ఆనదు. నిలువు కొలత రెండింతలు చేసుకోండి, ఆ సంగతి బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాయండి.